అప్‌డేట్ చేయమంటారా, వద్దంటారా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకే సందేహం. ఫోనో కంప్యూటరో "అప్‌డేట్ సిద్ధంగా ఉంది" అన్నప్పుడల్లా సరే అనాలా, అవతలివాళ్లను అంతగా నమ్మవచ్చా అని. నేను ఇరవై నాలుగేళ్లు ఒక సహకార బ్యాంకులో కంప్యూటర్ల బాగోగులు చూశాను. ఈ ప్రశ్న నాకు నిద్ర పట్టనివ్వని రాత్రులు ఉన్నాయి. అందుకే ఈసారి నాలుగు ఉత్తరాలే తీసుకుని తీరికగా రాస్తున్నాను.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాకు తెనాలిలో డీటీపీ కేంద్రం ఉంది. శుభలేఖలు, కరపత్రాలు, బడి పిల్లల ప్రశ్నపత్రాలు చేస్తాం. రెండేళ్ల క్రితం మాఘమాసం పెళ్లిళ్ల రద్దీలో ఒక ఉదయం కంప్యూటర్ తనంతట తాను అప్‌డేట్ అయింది. తరవాత తెలుగు అక్షరాలు కొట్టే మా పాత సాఫ్ట్‌వేర్ తెరుచుకోలేదు. మూడు శుభలేఖలు ఆగిపోయాయి. కంప్యూటర్లు బాగుచేసే అబ్బాయి వచ్చి విండోస్ మళ్లీ ఎక్కించి, ఇక అప్‌డేట్లు రాకుండా చేసి వెళ్లాడు. అప్పటి నుంచి ఏ ఇబ్బందీ లేదు. మా అమ్మాయి మాత్రం ఇది చాలా ప్రమాదం అంటోంది. నిజమేనా? — డీటీపీ కేంద్రం యజమాని, తెనాలి

జవాబు: మీ అమ్మాయి చెప్పింది నిజం. అయితే మీ కోపంలోనూ న్యాయం ఉంది. పెళ్లివారు గుమ్మంలో నిలబడి ఉండగా చేతిలో పనిముట్టు లాక్కుపోయిన అప్‌డేట్‌ను మీరు ఎందుకు నమ్మాలి? పెద్ద కంపెనీలు తప్పు చేయవనీ కాదు. 2018 అక్టోబరు 2న వచ్చిన విండోస్ 10 పెద్ద అప్‌డేట్ కొందరి ఫొటోలనూ దస్తావేజులనూ చెరిపేసింది. కొద్ది రోజుల్లోనే మైక్రోసాఫ్ట్ దాన్ని ఆపవలసి వచ్చింది.

ఇప్పుడు నా సంగతి వినండి. 2017 మార్చి 14న మైక్రోసాఫ్ట్ ఒక భద్రతా అప్‌డేట్ ఇచ్చింది. ఒకే నెట్‌వర్కులో ఉన్న కంప్యూటర్లు ఫైళ్లు పంచుకునే పద్ధతిలో ఒక కంత ఉంది. దాన్ని పూడ్చడానికి ఇచ్చినది. మార్చి నెల అంటే ఏమిటో బ్యాంకులో పనిచేసినవారికి తెలుసు. ఏడాది లెక్కలు ముగించే వేళ ఏ కంప్యూటర్ మొరాయించినా ఊరుకోరు. కాబట్టి వాయిదా వేశాను. ఏప్రిల్‌లో ఆడిటర్లు వచ్చారు, మళ్లీ వాయిదా. మే 12 శుక్రవారం సాయంత్రం టీవీలో వాన్నాక్రై అనే దొంగ ప్రోగ్రాం వార్త చూశాను. సరిగ్గా ఆ కంతలోంచే దూరి, ఫైళ్లకు తాళం వేసి, బిట్‌కాయిన్లలో 300 డాలర్లు ఇస్తేనే తీస్తామంటోంది. బ్రిటన్‌లో ప్రభుత్వ ఆసుపత్రులు రోగులను వెనక్కి పంపాయి. దాదాపు 150 దేశాల్లో 2 లక్షలకు పైగా కంప్యూటర్లు దానికి చిక్కాయి. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోనూ కొన్ని ఉన్నాయి.

మర్నాడు రెండో శనివారం, బ్యాంకుకు సెలవు. ఉదయం ఏడింటికి వాచ్‌మన్ చేత షట్టర్ ఎత్తించాను. గోడకున్న నెట్‌వర్కు పెట్టె తెరిచి, కంప్యూటర్లను కలిపే నీలం తీగలన్నీ ఒక్కొక్కటిగా పీకేశాను. అవి నేల మీద కుప్పగా పడి ఉండటం ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. మొత్తం ఇరవై మూడు కంప్యూటర్లు. నా ల్యాప్‌టాప్‌ను ముందు సరిచేసుకుని, మైక్రోసాఫ్ట్ సొంత సైటు నుంచి అప్‌డేట్ ఫైలు దించుకుని, పెన్‌డ్రైవ్‌తో ఒక్కో బల్ల దగ్గరికీ వెళ్లాను. పాస్‌బుక్కులు ముద్రించే యంత్రాలకు తగిలించిన రెండింట్లో విండోస్ ఎక్స్‌పీ ఉంది. దానికి అప్‌డేట్లు 2014లోనే ఆగిపోయాయి. ఆ పూట మైక్రోసాఫ్ట్ ఎక్స్‌పీకి కూడా ప్రత్యేకంగా ఒకటి విడుదల చేసింది కాబట్టి సరిపోయింది. చివరి కంప్యూటర్ పూర్తయ్యేసరికి రాత్రి తొమ్మిదీ ఇరవై.

ఒక్కటీ పోలేదు. కానీ మార్చి 14 నుంచి మే 13 దాకా ఆ ఊరి రైతుల డిపాజిట్లు, బంగారం తాకట్టు లెక్కలు, అన్నీ గడియ లేని తలుపు వెనక ఉన్నాయి. ఆ గడియ నా చేతిలోనే ఉంది. పైగా అప్‌డేట్ బయటికి రాగానే దొంగలు పాత ఫైలునూ కొత్త ఫైలునూ పక్కపక్కన పెట్టి, ఏది మారిందో చూసి, కంత ఎక్కడుందో కనిపెడతారు. అంటే అప్‌డేట్ వచ్చిన రోజు నుంచి అది వేసుకోనివారికి ప్రమాదం ఇంకా పెరుగుతుంది. మీ కంప్యూటర్ రెండేళ్లుగా ఆ స్థితిలో ఉంది.

మరో మాట అడగాలి. ఆ అబ్బాయి ఎక్కించిన విండోస్ ఎక్కడిది? లైసెన్సు లేకుండా, ఒక చిన్న ప్రోగ్రాం నడిపి "యాక్టివేట్" చేశాడా? అలాగైతే మీరు అప్‌డేట్‌ను నమ్మకపోవడమే కాదు, ఊరూ పేరూ లేని ఒకరి ప్రోగ్రాంకు కంప్యూటర్ మీద పూర్తి అధికారం రాసిచ్చారు. ఇది నాకు అన్నిటికన్నా భయంగా ఉంది.

ఇలా చేయండి. ఆ పాత కంప్యూటర్‌ను తీసేయవద్దు, అది మీ జీవనాధారం. నెట్ తీగ పీకి, వైఫై ఆపేసి, దాన్ని కేవలం పేజీలు కట్టడానికే ఉంచండి. వాట్సాప్, ఈమెయిల్, జీఎస్టీ, ఆన్‌లైన్ దరఖాస్తులు, ఖాతాదారులు తెచ్చే పెన్‌డ్రైవులు, వీటన్నిటికీ అసలైన లైసెన్సుతో, అప్‌డేట్లు వచ్చే రెండో కంప్యూటర్ పెట్టుకోండి. మైక్రోసాఫ్ట్ నెలవారీ అప్‌డేట్లు రెండో మంగళవారం విడుదలవుతాయి. మనకు అప్పటికి రాత్రి పదిన్నర, చలికాలంలో పదకొండున్నర. బుధవారమో గురువారమో రాత్రి కొట్టు కట్టేసేటప్పుడు వేస్తే మీ పని చెడదు. సెట్టింగుల్లో పని వేళలు చెబితే ఆ వేళల్లో దానంతట అది ఆగి మొదలవదు. విండోస్ 10కు మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి, రెండో కంప్యూటర్ కొనేటప్పుడు అది చూసుకోండి. మీరు చేసిన పేజీలన్నీ వారానికోసారి విడి డిస్కులోకి ఎక్కించి, డిస్కు ఊడదీసి బీరువాలో పెట్టండి. తగిలించి ఉంచిన డిస్కుకు కూడా వాన్నాక్రై లాంటివి తాళం వేస్తాయి.

ప్రశ్న: అమ్మా, నేను రిటైరైన తెలుగు పండితుణ్ణి. మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. అప్‌డేట్ వస్తే ఆలోచించకుండా నొక్కెయ్యమని ఎప్పుడూ చెబుతాడు. మొన్న మా కాలనీ వాట్సాప్ బృందంలో "మీ ఫోను సిస్టమ్ అప్‌డేట్ గడువు ముగిసింది, ఈ రాత్రిలోగా చేయకపోతే బ్యాంకు సేవలు ఆగిపోతాయి" అని ఒక ఫైలు వచ్చింది. పంపినది తెలిసినవారే. నొక్కాను. మెసేజులు చదవడానికి అనుమతి అడిగితే ఇచ్చాను. తరవాత ఏమీ కనబడలేదు. తప్పు చేశానా? — సిద్దిపేట

జవాబు: మాస్టారూ, ఈ పత్రిక మీ చేతికి వచ్చేలోగానే మీకు విడిగా ఫోను చేసి చెప్పాను. మీలాంటి పరిస్థితి వచ్చిన మరొకరికి పనికొస్తుందని ఇక్కడా రాస్తున్నాను. ముందు ఆ ఫోనులో డేటా, వైఫై ఆపేయాలి. వేరే ఫోను నుంచి బ్యాంకుకు చేసి ఖాతా లావాదేవీలు నిలిపివేయించాలి. డబ్బు పోయి ఉంటే ఆ నిమిషంలోనే 1930కు చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బు మధ్యలో ఆగే అవకాశం అంత ఎక్కువ. తరవాత ఫొటోలు భద్రపరచుకుని ఫోనును మొదటి స్థితికి (ఫ్యాక్టరీ రీసెట్) తీసుకురావాలి. ఆ యాప్‌ను తొలగిస్తే చాలని అనుకోవద్దు. చాలాసార్లు అది తన గుర్తును దాచేసుకుంటుంది. మీకు "ఏమీ కనబడలేదు" అన్నది అందుకే.

మీరు తెలిసినవారని నమ్మారు. వారి ఫోనుకు కూడా ఇదే జరిగి, వారికి తెలియకుండానే అందరికీ వెళ్లి ఉండవచ్చు. వారిని నిందించకండి, వారికి చెప్పండి.

ఫోనును నడిపించే సాఫ్ట్‌వేర్‌కు అప్‌డేట్ ఎప్పుడూ వాట్సాప్‌లో రాదు. మెసేజులో రాదు, ఎవరూ పంపరు. సెట్టింగుల్లో సిస్టమ్ దగ్గరికో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ దగ్గరికో మీరే వెళ్లి చూస్తే అక్కడ ఉంటుంది. లేకపోతే లేనట్టే. అసలైనది మీ మెసేజులు చదవనివ్వమని అనుమతి అడగదు, దానికి ఆ అవసరమే లేదు. దొంగకు ఆ అవసరం ఉంది, ఓటీపీ వచ్చేది మెసేజులోనే కాబట్టి. మీ అబ్బాయి సలహా మంచిదే, కానీ సగమే చెప్పాడు. వెంటనే చేయమన్నాడు, ఎక్కడి నుంచి చేయాలో చెప్పలేదు. ఈ మోసగాళ్లు బతుకుతున్నది ఆ మిగిలిన సగం మీదే. దూరాన ఉన్న పిల్లలందరికీ నా మనవి: ఈసారి వీడియో కాల్‌లో అమ్మానాన్నల చేత ఆ సెట్టింగుల పేజీ ఒక్కసారి తెరిపించండి.

ప్రశ్న: మేడమ్, కాకినాడలో ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ప్రతి అప్‌డేట్‌కూ డిజిటల్ సంతకం ఉంటుందనీ, అది సరిపోలితేనే కంప్యూటర్ తీసుకుంటుందనీ చదువుకున్నాం. మరి అధికారిక అప్‌డేట్ ద్వారానే దాడులు ఎలా జరుగుతున్నాయి? సంతకం ఉన్నదాన్ని కూడా నమ్మకూడదా?

జవాబు: చాలా మంచి ప్రశ్న తల్లీ. బ్యాంకు మనిషిని కాబట్టి బ్యాంకు భాషలోనే చెబుతాను. వంద నోట్లు లెక్కపెట్టి కట్ట కట్టి, పైన చీటీ చుట్టి, క్యాషియర్ సంతకం చేసి ముద్ర వేస్తాడు. ఆ కట్ట మరో శాఖకు వెళ్తే అక్కడివాళ్లు ముద్ర చూసి తీసుకుంటారు. ముద్ర చెప్పేది రెండే సంగతులు: కట్ట కట్టినది ఎవరు, దారిలో ఎవరూ విప్పలేదు. లోపల దొంగ నోటు లేదని ముద్ర చెప్పదు. డిజిటల్ సంతకమూ అంతే.

ముద్రనే అచ్చు దింపినవాళ్లున్నారు. 2012లో బయటపడిన ఫ్లేమ్ అనే గూఢచారి ప్రోగ్రాం ఎండీ5 అనే పాత గణిత పద్ధతిలోని బలహీనతతో మైక్రోసాఫ్ట్ సంతకానికి నకలు పుట్టించి, పక్క కంప్యూటర్ల దగ్గర తానే విండోస్ అప్‌డేట్‌నని చెప్పుకుంది. మన పాఠ్యపుస్తకాల్లో ఎండీ5ను ఇంకా ఉదాహరణగా ఇస్తారు, ఎందుకు వదిలేశారో కూడా అడిగి తెలుసుకో. అంతకన్నా సులువైన దారి, ముద్ర పడకముందే కట్టలో దొంగ నోటు పెట్టడం. సోలార్‌విండ్స్ అనే కంపెనీలో 2020లో జరిగింది ఇదే. సాఫ్ట్‌వేర్ తయారయ్యే కంప్యూటర్లోకే చొరబడ్డారు. అక్కడ కలిసిన విషం మీద కంపెనీయే తన అసలు సంతకం చేసింది. దాదాపు 18,000 సంస్థలకు ఆ అప్‌డేట్ చేరింది. అమెరికా ప్రభుత్వ శాఖలు కూడా అందులో ఉన్నాయి. నెలల తరబడి ఏ పరీక్షకూ అది చిక్కలేదు, సంతకం నిజమైనదే కదా.

ఇది ఎంత దూరం పోగలదో చూడాలంటే 2017 జూన్ 27 గురించి చదువు. ఉక్రెయిన్‌లో వ్యాపారులు పన్ను లెక్కలకు వాడే ఎం.ఈ.డాక్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. దాని అప్‌డేట్లు పంపే సర్వర్‌ను పట్టుకుని నాట్‌పెట్యా అనే విధ్వంసక ప్రోగ్రాంను పంపారు. ప్రపంచంలోని పెద్ద ఓడల కంపెనీల్లో ఒకటైన మెర్‌స్క్ కుప్పకూలింది. ముంబై దగ్గరి జవహర్‌లాల్ నెహ్రూ రేవులో ఆ కంపెనీ నడిపే టెర్మినల్ కూడా ఆగిపోయింది. తరవాత పది రోజుల్లో 4,000 సర్వర్లు, 45,000 కంప్యూటర్లు కొత్తగా కట్టుకున్నారు. అందులో నన్ను కదిలించినది ఒక చిన్న సంగతి. ఎవరు ఉద్యోగి, ఎవరికి ఏ అధికారం ఉంది అనే వివరాలన్నీ ఉండే సర్వర్లు ప్రపంచమంతటా ఒకదాని నకలు ఒకటిగా ఉండేవి. అన్నీ పోయాయి, ఘానాలో ఒక్కటి తప్ప. దాడి జరిగిన వేళ అక్కడ కరెంటు పోయి అది ఆగి ఉంది. ఆ డిస్కును మనిషి చేత బ్రిటన్‌కు మోయించి, దాని మీద కంపెనీ మళ్లీ లేచింది. విడదీసి ఉంచిన ఒక్క నకలు విలువ అది. నేను తెనాలివారికి డిస్కు ఊడదీయమని చెప్పింది అందుకే.

ఇంక క్యాషియరే తప్పు చేస్తే? 2016 నవంబరులో అమెరికాలో అమ్ముతున్న కొన్ని చవక ఆండ్రాయిడ్ ఫోన్లను పరిశోధకులు పరీక్షించారు. అప్‌డేట్లు తెచ్చే ప్రోగ్రామే మనుషుల మెసేజులను 72 గంటలకోసారి చైనాలోని సర్వర్‌కు పంపుతున్నట్టు తేలింది. అక్కడ ఎవరూ ఎక్కడా చొరబడలేదు. రక్షణ కోసం పెట్టిన గుమ్మమే దొడ్డిదారి అయింది.

నువ్వు తప్పక లోతుగా చదవవలసింది 2024 నాటి ఎక్స్‌జెడ్ ఉదంతం. ఫైళ్లను కుదించే చిన్న సాఫ్ట్‌వేర్ అది, విండోస్‌లాగే కంప్యూటర్లను నడిపించే లినక్స్ వ్యవస్థలు ఎన్నిటిలోనో ఉంటుంది. దాన్ని ఒక వ్యక్తి తన తీరిక సమయంలో చూసుకునేవాడు. జియా టాన్ అనే పేరుతో ఎవరో 2021 నుంచి సాయం చేస్తూ, మంచి పని చేస్తూ, నమ్మకం సంపాదించి, విడుదల బాధ్యత దాకా వచ్చారు. తరవాత పరీక్ష ఫైళ్ల రూపంలో ఒక దొంగ తలుపు కలిపారు. దాన్ని మేల్కొలిపే ముక్క, అందరూ చూసే మూలంలో లేదు, విడుదల చేసిన మూటలో మాత్రమే ఉంది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు వేరే పని చేసుకుంటూ, దూరపు కంప్యూటర్లోకి లాగిన్ కావడానికి దాదాపు అర సెకను ఎక్కువ పడుతోందని గమనించాడు. వదిలేయలేదు. తవ్వుకుంటూ వెళ్లి మార్చి 29న లోకానికి చెప్పాడు. అది ఇంకా ప్రయోగదశలోని వ్యవస్థల్లోకే వచ్చింది, లక్షల సర్వర్లకు పాకకముందే ఆగింది. అర సెకను, తల్లీ! రేపు ఉద్యోగంలో నీకు ఏదైనా ఒక రోజు కాస్త నెమ్మదిగా అనిపిస్తే ఆ మనిషిని గుర్తుచేసుకో.

కాబట్టి నీ ప్రశ్నకు జవాబు: సంతకం చూడాలి, సంతకం లేనిది అసలు తాకకూడదు. కానీ అది చూశాక కూడా ఇంకో లెక్క మిగిలి ఉంటుంది. నీ ల్యాప్‌టాప్‌లో తనంతట తాను అప్‌డేట్ అయ్యే ప్రోగ్రాములు ఎన్ని ఉన్నాయో ఈ రోజు రాసుకో. ఆపరేటింగ్ సిస్టమ్ (విండోస్ లాంటిది), బ్రౌజరు, ప్రింటరు కంపెనీది, ల్యాప్‌టాప్ తయారీదారుది, ఎప్పుడో వాడి మరిచిపోయిన వీడియో ప్రోగ్రాం. ప్రతి ఒక్కటీ నువ్వు ఇంట్లో లేనప్పుడు లోపలికి రాగల ఒక తాళంచెవి. ఆపరేటింగ్ సిస్టమ్ చేతిలో తాళంచెవి ఉండక తప్పదు, దాన్ని కాదంటే వాన్నాక్రైలాంటిది వస్తుంది. ఆ మరిచిపోయిన ప్రోగ్రాంకు ఎందుకు? తీసేయి. నెలవారీ భద్రతా అప్‌డేట్లు రెండు మూడు రోజుల్లో వేసుకో. రూపురేఖలు మార్చే పెద్ద వెర్షన్ మాత్రం రెండు మూడు వారాలు ఆగి వేసుకున్నా నష్టం లేదు, పాత వెర్షన్‌కు భద్రతా అప్‌డేట్లు వస్తున్నంత వరకూ.

నువ్వు పెద్ద సంస్థలో చేరితే అందరికీ ఒకేసారి పంపించవద్దని పట్టుబట్టు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక తప్పుడు ఫైలు సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లను పడగొట్టింది. దాడి కాదు, పొరపాటు. 78 నిమిషాల్లో వెనక్కి తీసుకున్నా అప్పటికే చేరిపోయింది. ఆ రోజు హైదరాబాదు విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. ముందు ఏ కొద్ది కంప్యూటర్లకో పంపి, గంటసేపు చూసి ఉంటే అంత దూరం పోయేది కాదు.

ప్రశ్న: అనంతపురంలో బట్టలు కుట్టుకుంటూ బతుకుతున్నాను అక్కా. నా ఫోను పాతది. భద్రతా అప్‌డేట్ తేదీ చూస్తే 2021 అని ఉంది, కొత్తది ఏమీ రావడం లేదు. షాపతను ఫోను మార్చేయమంటున్నాడు. తప్పదా?

జవాబు: డబ్బు లావాదేవీలు ఆ ఫోనులోనే చేస్తుంటే తప్పదు చెల్లీ. వెంటనే కొనలేకపోతే, ఇంట్లో కొంచెం కొత్త ఫోను ఎవరిదైనా ఉంటే యూపీఐ, బ్యాంకు యాప్‌లు అందులో పెట్టుకుని, నీ ఫోనులోంచి తీసేయి. కొనేటప్పుడు కెమెరా గురించి అడిగే ముందు "దీనికి ఎన్నేళ్లు భద్రతా అప్‌డేట్లు ఇస్తారు?" అని అడుగు. ఇప్పుడు కొన్ని ఖరీదైన ఫోన్లకు ఏడేళ్లు ఇస్తామంటున్నారు. చవకవాటిలో అది రెండేళ్ల నుంచి అయిదారేళ్ల దాకా ఉంటుంది. అదే ధరలో ఉన్న రెండింట్లో ఎక్కువ ఏళ్లు ఇచ్చేదాన్ని తీసుకో. షాపతనికి తెలియకపోతే ఆ కంపెనీ సైటులో ఉంటుంది, నీ పక్కన నిలబడి చూపించమను. పాత ఫోను పారేయనక్కర్లేదు. సిమ్ తీసేసి, నెట్ ఆపేసి, రవికెల నమూనాల ఫొటోలకూ కొలతలకూ మిషను పక్కనే ఉంచుకో.